తప్పు పేరును ఎవరు వెతకాలి?



మన హాస్టల్లో చేరిన ప్రతి విద్యార్థికీ కనీసం రెండు పేర్లుంటాయి. ఒకటి ఇంట్లో అమ్మ పిలిచే పేరు, రెండోది అడ్మిషన్ రిజిస్టరులో ఉన్న పేరు. చాలామందికి ఇంతటితో అయిపోదు. రేషన్ కార్డులో ఒక రకంగా, ఆధార్‌లో ఇంకో రకంగా, బ్యాంకు పాస్‌బుక్కులో మరో రకంగా ఉంటుంది. మనిషి మాత్రం ఒక్కడే. కాగితాలు చేత్తో రాసుకున్నన్ని రోజులు ఈ తేడాలను చూసే గుమాస్తా "ఆ, ఈ పిల్లవాడే" అని సర్దుకునేవాడు. ఇప్పుడు చూసేది కంప్యూటరు. అది సర్దుకోదు. ఒక్క అక్షరం తేడా ఉన్నా ఇద్దరు వేరు వేరు మనుషులని తేల్చేస్తుంది.

మేము ఈ హాస్టల్లో చదివి, ఇప్పుడు పీజీ చేస్తున్నవాళ్ళం. మా ఇళ్ళల్లో డిగ్రీ పట్టా చూసిన మొదటి తరం మేమే. మాలో కొందరం డేటాబేస్ పాఠాలు చదువుకున్నాం. తప్పుగా నమోదైన మాటలను ఒక్క క్వెరీతో ఎలా పట్టుకోవచ్చో ఆ పాఠాల్లో నేర్పుతారు. అది నేర్చుకున్న రోజు నుంచి మాకు ఒక ప్రశ్న మిగిలింది. ఇంత సులువుగా పట్టుకోగల తప్పును మన తల్లిదండ్రులు పని మానుకుని, బస్సు చార్జీలు పెట్టుకుని, ఆఫీసుల చుట్టూ తిరిగి ఎందుకు వెతుక్కుంటున్నారు? ఈ వార్షికోత్సవ సంచికలో మా అభిప్రాయం ఈ ఒక్క విషయం మీదే.

తేడా ఎక్కడ నొప్పి పుట్టిస్తుంది

ముందు మన కోస్తా సంగతి చూద్దాం. ప్రతి ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు సముద్రంలో వేట నిషేధం. ఆ రోజుల్లో మత్స్యకార కుటుంబానికి వచ్చే భృతి జాబితాలో పేరుంటేనే వస్తుంది. పడవ కాగితాల్లో పేరు, ఆధార్‌లో పేరు, బ్యాంకులో పేరు కలవకపోతే ఏం జరుగుతుందో మైపాడు నుంచి జువ్వలదిన్నె దాకా ఎవరినడిగినా చెబుతారు. ఉపాధి హామీ పనికి 2024 జనవరి 1 నుంచి ఆధార్ ఆధారిత చెల్లింపును తప్పనిసరి చేశారు. జాబ్ కార్డులో పేరుకూ ఆధార్‌లో పేరుకూ తేడా ఉంటే సరిపోల్చడం దగ్గరే ఆగిపోయేది. పని చేసిన చెయ్యి అదే, వేలిముద్ర అదే, అక్షరం ఒకటి వేరు.

మన స్కాలర్‌షిప్పుల సంగతి చెప్పనక్కరలేదు. మాలో ఒకరికి ఒక సంవత్సరం ఫీజు డబ్బు ఆగింది. తండ్రి పేరులో ఇంగ్లీషు 'హెచ్' ఒక చోట ఉంది, ఇంకో చోట లేదు. ఆ హెచ్ కోసం అమ్మ రొయ్యల చెరువు దగ్గర పని నాలుగు రోజులు మానుకుంది. ఆఫీసులో చెప్పిన మాట "మీ పేరు తప్పుంది, మార్చుకుని రండి". ఆ పేరు టైపు చేసింది ఆమె కాదు. ఆమెకు సంతకం కూడా రాదు.

పేర్లు ఎలా చెడ్డాయి

మన పెద్దలు పేరును నోటితో చెప్పారు. రాసినవాడు తనకు వినిపించినట్టు తెలుగులో రాశాడు. తరువాత ఇంకొకరు దాన్ని ఇంగ్లీషులో టైపు చేశారు. మన జిల్లాలో పెంచలకోన స్వామి మీద భక్తితో ప్రతి ఊళ్ళో ఒక పెంచలయ్య ఉంటాడు. ఆ పేరు చివర ఇంగ్లీషులో 'ఏ ఐ ఏ హెచ్' అని రాసేవారున్నారు, 'ఐ ఏ హెచ్' అని రాసేవారున్నారు, 'ఏ వై వై ఏ' అని రాసేవారున్నారు. లక్ష్మికి 'కె ఎస్ హెచ్' పెట్టేవారున్నారు, ఒక్క 'ఎక్స్' పెట్టేవారున్నారు. ఏడుకొండలును 'ఇ'తో మొదలుపెట్టేవారున్నారు, 'వై'తో మొదలుపెట్టేవారున్నారు. ఇంటిపేరు ముందుంటుంది, వెనకుంటుంది, పొడి అక్షరంగా ఉంటుంది, అసలే ఉండదు. యానాది కుటుంబాల్లో పెద్దవాళ్ళ ఇంటిపేరు రికార్డులోకి ఎక్కకుండానే పోయిన సందర్భాలు ఎన్నో. పెళ్ళయిన ఆడవాళ్ళకు సగం కాగితాలు పుట్టింటి పేరుతో, సగం అత్తింటి పేరుతో ఉంటాయి.

మనుషుల పేర్లే కాదు, ఊళ్ళ పేర్లూ అంతే. 2008లో మన జిల్లాకు శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా అని పేరు పెట్టారు. దాంతో రికార్డుల్లో 'నెల్లూరు' ఒకటి, 'ఎస్పీఎస్ఆర్ నెల్లూరు' ఒకటి, పూర్తి పేరు ఒకటి వచ్చి చేరాయి. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజన జరిగి గూడూరు, సూళ్ళూరుపేట ప్రాంతాలను తిరుపతి జిల్లాలో చేర్చారు. ఇల్లు కదలని కుటుంబానికి కూడా కాగితాల మీద మూడు నాలుగు జిల్లాలు వచ్చాయి.

క్వెరీ ఏం చేస్తుంది

క్వెరీ అంటే డేటాబేస్‌ను అడిగే ప్రశ్న. ఇది పెద్ద విద్యేమీ కాదు, ఇంటర్ చదివే తమ్ముళ్ళు చెల్లెళ్ళు కూడా రెండు గంటల్లో నేర్చుకోవచ్చు. మన హాస్టల్ విద్యార్థుల వివరాలు ఒక టేబుల్లో ఉన్నాయనుకుందాం. అందులో మండలం అనే కాలమ్ ఉంది. మొదటి ప్రశ్న ఇలా ఉంటుంది: సెలెక్ట్ మండలం, కౌంట్ ఫ్రమ్ విద్యార్థులు, గ్రూప్ బై మండలం, ఆర్డర్ బై కౌంట్. అంటే ఒకేలా రాసి ఉన్నవాటిని ఒక కుప్పగా పోసి, ఏ కుప్పలో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి, చిన్న కుప్పలను ముందు చూపించమని అర్థం. సరైన రాత ఎక్కువసార్లు కనిపిస్తుంది. తప్పు రాత ఒకటి రెండుసార్లే కనిపిస్తుంది. కాబట్టి జాబితా మొదట్లోనే తప్పులు బయటపడతాయి. 'ముత్తుకూరు' అనే కుప్ప పక్కనే 'ముతుకూరు' అని ఒక్కటే ఒక్కటి నిలబడి ఉంటుంది.

రెండో ప్రశ్న ఖాళీల గురించి. పేరు ముందో వెనకో ఒక స్పేసు పడితే కంటికి కనిపించదు. ట్రిమ్ అనే ఫంక్షన్ ఆ ఖాళీలను కత్తిరిస్తుంది. కత్తిరించక ముందు పొడవు, కత్తిరించిన తర్వాత పొడవు వేరుగా ఉన్న వరుసలను చూపించమంటే చాలు. మూడోది, పేరులో అంకెలున్న వరుసలు. ఇంగ్లీషు 'ఓ' అక్షరం బదులు సున్న కొట్టినవి అక్కడ దొరుకుతాయి. నాలుగోది, తండ్రి పేరు దగ్గర గీత పెట్టి వదిలేసినవి, 'ఎన్ ఏ' అని రాసినవి, ఖాళీగా ఉన్నవి.

పేర్లు తెలుగులోనే నమోదు చేస్తే ఈ బాధ ఉండదని కొందరంటారు. చాలావరకు నిజమే. తెలుగులో పెంచలయ్యను ఎన్నో రకాలుగా రాయలేం. కానీ అక్కడా కొన్ని చిక్కులున్నాయి. యూనికోడ్‌లో ఐత్వాన్ని ఒకే గుర్తుగా దాచవచ్చు, రెండు ముక్కలుగానూ దాచవచ్చు. చూడ్డానికి 'మైపాడు' ఒకటే, లోపల అంకెలు వేరు. పొల్లు హల్లు తర్వాత అక్షరాలు అతుక్కోకుండా పెట్టే కనిపించని గుర్తు కూడా అంతే. కాబట్టి తెలుగులో ఉన్నా ముందు అన్నిటినీ ఒకే పద్ధతికి మార్చి ఆ తరువాత పోల్చాలి.

క్వెరీ ఏం చేయలేదు

ఇక్కడ మన సాంకేతిక మిత్రులు జాగ్రత్తగా వినాలి. గూడూరు వాళ్ళ జాబితా కావాలని, 'గూడూరు' అనే మాట ఎక్కడున్నా చూపించమని లైక్ క్వెరీ రాశామనుకోండి. తోటపల్లిగూడూరు మండలం వాళ్ళంతా వచ్చి అందులో కూర్చుంటారు. అది వేరే మండలం, వేరే ఊరు.

రెండు పేర్ల మధ్య ఎన్ని అక్షరాలు మారిస్తే ఒకటి రెండోదవుతుందో లెక్కించే పద్ధతి ఉంది. సోవియట్ శాస్త్రవేత్త లెవెన్‌స్టీన్ 1965లో దీన్ని ప్రతిపాదించాడు. ఇంగ్లీషులో రాసిన లక్ష్మి రెండు రూపాల మధ్య ఈ లెక్క ప్రకారం దూరం 3. రమణకూ రమణికీ మధ్య దూరం 1. అంటే ఒకే మనిషి మూడు అక్షరాల దూరంలో ఉంది, అన్నాచెల్లెళ్ళు ఒక్క అక్షరం దూరంలో ఉన్నారు. దూరం తక్కువున్నవాళ్ళు ఒకరేనని యంత్రానికి వదిలేస్తే అన్న స్కాలర్‌షిప్పు చెల్లెలి ఖాతాలో 'డూప్లికేట్' అని పడుతుంది.

ధ్వనిని బట్టి పోల్చే సౌండెక్స్ అనే పద్ధతి ఇంకా పాతది. అమెరికాలో రాబర్ట్ రస్సెల్ 1918లో దానికి పేటెంటు తీసుకున్నాడు. మొదటి అక్షరాన్ని అలాగే ఉంచి, అచ్చులను వదిలేసి, దగ్గరగా పలికే హల్లులకు ఒకే అంకె ఇస్తారు. డి, టి లకు 3, ఎల్‌కు 4, ఎం, ఎన్ లకు 5, ఇలాగ. పెంచలయ్యను చివర ఎలా రాసినా పి-524 అనే వస్తుంది. లక్ష్మి రెండు రూపాలకూ ఎల్-250 వస్తుంది. ఇంతవరకు బాగుంది. కానీ ఏడుకొండలుకు ఒకచోట ఇ-325, ఇంకోచోట వై-325 వస్తాయి, కలవవు. వెంకటేశ్వర్లు, వెంకటరమణ, వెంకటేష్ ముగ్గురికీ వి-523 వస్తుంది, ముగ్గురూ ఒకటైపోతారు. ఆ పద్ధతి ఇంగ్లీషు పేర్ల కోసం కట్టింది. మన పేర్లకు దాన్ని కళ్ళు మూసుకుని వాడకూడదు.

కాబట్టి క్వెరీ 'ఇక్కడ అనుమానం ఉంది, చూడండి' అని మాత్రమే చెప్పగలదు. ఏది సరైనదో చెప్పాల్సింది ఆ పేరు గల మనిషి.

రెండు వైపులా ప్రమాదం

యంత్రం మాటే చివరి మాట అయితే ఏమవుతుందో మన పొరుగు రాష్ట్రంలో చూశాం. తెలంగాణ ప్రభుత్వం సమగ్ర వేదిక అనే వ్యవస్థతో వేర్వేరు శాఖల రికార్డులను పేర్లు, చిరునామాల పోలికను బట్టి కలిపింది. 2024 జనవరిలో అల్ జజీరా ప్రచురించిన కథనం ప్రకారం, హైదరాబాదులో ఒక రిక్షా కార్మికుడి పేరును కారున్న మరో వ్యక్తి పేరుతో ఆ వ్యవస్థ కలిపేసింది. ఆ కుటుంబానికి రేషన్ దక్కకుండా పోయింది. అంతకుముందే, 2022 ఏప్రిల్‌లో, తెలంగాణలో రద్దయిన సుమారు 19 లక్షల రేషన్ కార్డులను క్షేత్రస్థాయిలో మళ్ళీ పరిశీలించాలని సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ రద్దులన్నిటికీ పేర్ల పోలికే కారణమని మేము అనడం లేదు. మనిషిని అడగకుండా కంప్యూటరు జాబితాను బట్టి బువ్వ ఆపకూడదన్నదే మనకు అందులోని పాఠం.

అది పోలికను వదులుగా పట్టినందువల్ల వచ్చిన నష్టం. మరీ బిగించి పట్టినా నష్టమే. అమెరికాలో జార్జియా రాష్ట్రం ఓటరు దరఖాస్తులోని పేరు ప్రభుత్వ రికార్డుతో అక్షరం అక్షరం కలవాలని నిబంధన పెట్టింది. చిన్న గీత లేకపోయినా దరఖాస్తు పక్కకు వెళ్ళేది. 2018 ఎన్నికల ముందు అలా ఆగినవి 53 వేలకు పైగా ఉన్నాయని, వాటిలో దాదాపు 70 శాతం నల్లజాతి వారివని అసోసియేటెడ్ ప్రెస్ రాసింది. అక్షరాల నియమం అందరికీ ఒకటేనని కాగితం మీద ఉంటుంది. దెబ్బ మాత్రం ఎప్పుడూ రికార్డు సరిగా లేనివాళ్ళకే తగులుతుంది. అక్కడ నల్లవాళ్ళకు, ఇక్కడ మన వాడలకు, సంఘాలకు, పట్టపుపాలేలకు.

మంచి ఉదాహరణ కూడా అదే దేశంలో ఉంది. 1935లో అమెరికాలో సామాజిక భద్రతా చట్టం వచ్చింది. వృద్ధాప్య పింఛనుకు వయసు రుజువు కావాలి. చాలామంది ముసలివాళ్ళకు పుట్టిన తేదీ పత్రాలు లేవు. అప్పుడు ప్రభుత్వం వాళ్ళనే పత్రం తెచ్చుకోమని వదిలేయలేదు. 1880 జనాభా లెక్కల్లో పదేళ్ళు, అంతకు తక్కువ వయసు పిల్లలున్న కుటుంబాలన్నిటినీ సౌండెక్స్ ప్రకారం కార్డుల మీదకు ఎక్కించింది. పేరు ఏ రకంగా రాసి ఉన్నా వెతికి పట్టుకుని, 'అవును, ఈయన అప్పటికి పుట్టాడు' అని చెప్పడానికి ఆ పని చేశారు. పద్ధతిలో లోపాలు అప్పుడూ ఉన్నాయి. ఉద్దేశం మాత్రం మనిషిని తీసేయడం కాదు, మనిషిని కనుక్కోవడం. మేము అడిగేది ఆ ఉద్దేశాన్నే.

మేము కోరేది

రికార్డు ఎవరి దగ్గరుందో తప్పు వెతికే పని వాళ్ళదే. లక్షల వరుసల టేబుల్ మీద గ్రూప్ బై నడపడానికి నిమిషాలు చాలు. అదే తప్పు కోసం కూలి మనిషికి నాలుగు రోజుల కూలి పోతుంది. ఎవరు చేస్తే చవకో లెక్క వేయడానికి పీజీ అక్కరలేదు.

ఒకటి, దరఖాస్తును తిరస్కరించడానికి ముందే ఈ ప్రశ్నలు నడపాలి. తేడా కనబడితే ఆ జాబితాను గ్రామసభలో చదవాలి, సచివాలయం గోడకు, హాస్టల్ నోటీసు బోర్డుకు అంటించాలి. విచారణ పూర్తయ్యేదాకా డబ్బు ఆపకూడదు.

రెండు, టైపు చేసినవారి తప్పును దిద్దడానికి పేదవాడి దగ్గర రుసుము తీసుకోకూడదు. 2019లో ఉడాయ్ పెట్టిన నిబంధన ప్రకారం ఆధార్‌లో పేరును జీవితంలో రెండుసార్లే మార్చుకోవచ్చు. నమోదు కేంద్రంలో జరిగిన అక్షర దోషాన్ని కూడా ఆ రెండింటిలో లెక్కవేయడం న్యాయం కాదు.

మూడు, ఊరు, మండలం, జిల్లా పేర్లను టైపు చేయించకూడదు. జాబితాలోంచి ఎంచుకునేలా, ప్రతి ఊరికీ ఒక కోడ్ ఉండేలా చేయాలి. మనుషుల పేర్లకు ఇంగ్లీషు కాలమ్ పక్కన తెలుగు కాలమ్ ఉండాలి. తేడా వచ్చినప్పుడు తెలుగు పేరునే ముందు చూడాలి.

ఇలా చూసీ చూడనట్టు పోతే దొంగ పేర్లు చేరతాయని అధికారులు అంటారు. ఆ భయంలో నిజం లేకపోలేదు. ఒకే మనిషి రెండు పేర్లతో రెండుసార్లు తీసుకుంటే నష్టపోయేది కూడా మనలాంటివాళ్ళే. అందుకే క్వెరీ నడపొద్దని మేము అనడం లేదు, ఇంకా ఎక్కువగా నడపమంటున్నాం. కానీ అనుమానితుల జాబితా వేరు, దోషుల జాబితా వేరు. మొదటిదాన్ని రెండోదిగా వాడితే దొంగలతో పాటు పెంచలయ్యలంతా పోతారు.

మన వంతు

ప్రభుత్వం చేసేదాకా మనం చేతులు కట్టుకుని కూర్చోవద్దు. పదో తరగతి నామినల్ రోల్స్ పంపేముందు ప్రతి సంవత్సరం హాస్టల్లో ఒక ఆదివారం పేర్ల దినంగా పెట్టుకుందాం. పదో తరగతి సర్టిఫికెట్లో పడిన పేరే ఆ తరువాత స్కాలర్‌షిప్పు నుంచి ఉద్యోగం దాకా మన వెంట వస్తుంది. ఆ రోజు ప్రతి విద్యార్థి ఆధార్, కుల ధ్రువీకరణ పత్రం, బ్యాంకు పాస్‌బుక్కు పక్కపక్కన పెట్టి, పేరూ తండ్రి పేరూ అక్షరం అక్షరం చదవాలి. ఒకరు చదువుతుంటే ఇంకొకరు చూడాలి. వివరాలను ఒక టేబుల్లో ఎక్కించి క్వెరీలు నడిపే పని మేము చేస్తాం. కంప్యూటరు లేకపోయినా పరవాలేదు, రూళ్ళ కాగితం మీద నాలుగు గళ్ళు గీసినా తేడా తెలుస్తుంది. తేలిన తప్పుల జాబితాను వార్డెన్ గారి సంతకంతో పాఠశాలకు పంపితే నామినల్ రోల్ వెళ్ళేలోగా దిద్దుకోవచ్చు. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. ఆ కాగితాల్లో నంబర్లుంటాయి. పని అయ్యాక ఎవరివి వారికి ఇచ్చేయాలి, ఎవరి ఫోనులోనూ ఫొటోలు ఉండకూడదు.

పూర్వ విద్యార్థులైన అన్నలకు, అక్కలకు ఒక మనవి. మీలో సచివాలయాల్లో, తహశీల్దారు ఆఫీసుల్లో, బ్యాంకుల్లో, హైదరాబాదు, చెన్నై, బెంగళూరు కంపెనీల్లో పనిచేస్తున్నవారున్నారు. రేపు మీ స్క్రీను మీద ఒక పేరు కలవలేదని ఎర్రగా కనిపిస్తుంది. 'రిజెక్ట్' నొక్కడానికి ఒక సెకను పడుతుంది. ఆ పక్కన ఇంకెన్ని ఇలాగే ఉన్నాయో చూడటానికి ఒక క్వెరీ రాయండి. ఆ జాబితా పట్టుకుని మీ పై అధికారి దగ్గరకు వెళ్ళండి. సాఫ్ట్‌వేరు రాసేవారైతే, పేర్లు పోల్చే చోట 'తిరస్కరించు' బదులు 'మనిషిని అడుగు' అనే దారి ఒకటి పెట్టండి.

తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, మీకు చెప్పేది ఒక్కటే. కౌంటర్ దగ్గర ఎవరైనా "మీ పేరు తప్పు" అంటే తల దించుకోవద్దు. మన పేరు మన అమ్మానాన్నలు పెట్టింది, అందులో తప్పు లేదు. "నమోదు చేయడంలో తప్పుంది, దిద్దండి" అని మర్యాదగా, గట్టిగా చెప్పండి. ఏ కాలమ్‌లో ఏ అక్షరం తప్పో కూడా చూపించండి. చదువు మనకు నేర్పిన పని అది.